మోకాలి కట్టు

"కట్టు విప్పేది లేదు" అని వరదమ్మ మంచానికి అడ్డంగా నిలబడింది.

ఉదయలక్ష్మి చేతిలో కత్తెర అట్లాగే ఉండిపోయింది. తిరుపతి నుంచి మొదటి బస్సు పట్టుకుని నగరికి వచ్చిన మనిషి చెప్పులు కూడా సరిగా విడవలేదు. ఒకటి గడప బయట, ఒకటి లోపల పడి ఉన్నాయి. మంచం మీద వరదమ్మ మనవడు రూపేష్ కళ్లు మూసుకుని ఉన్నాడు. ఆ ఆరేళ్ల పిల్లవాడు నిద్రపోతున్నాడో, వీళ్లిద్దరి మాటలూ వినలేక కళ్లు మూసుకున్నాడో తెలియడం లేదు.

పక్క కొట్టంలో మరమగ్గాలు ఆగకుండా కొట్టుకుంటున్నాయి. ఆ చప్పుడు మధ్య పెరిగిన వరదమ్మకు గొంతు పెంచి మాట్లాడటం అలవాటే. ఇవాళ మాత్రం ఆమె గొంతు తగ్గించింది.

"ఎల్లప్ప కట్టినాడు. పుత్తూరు పోయి నేర్చుకోనొచ్చినోడు. కట్టు కట్టినాక వారం దాకా ముట్టుకోకూడదు. నీకు తెలీకపోతే ఎవర్నన్నా అడుగు."

"కట్టు సంగతి నాకు తెలీదు పెద్దమ్మా. బిడ్డ కాలు కింద పెట్టడంలేదు. అది కనపడతాండాది కదా."

పెద్దమ్మా అన్న పిలుపు వరదమ్మ పెట్టిందే. అల్లుడు తులసీరాం రెండో పెళ్లి చేసుకుని ఈమెను మొదటిసారి ఈ ఇంటికి తీసుకొచ్చినప్పుడు, ఈమె వంగి కాళ్లకు దండం పెట్టి "అమ్మా" అంది. పోయిన భార్య తల్లిని రెండో భార్య అట్లాగే పిలవాలి. అది ఆ ఇళ్లలో వాడుక. వరదమ్మ కాళ్లు వెనక్కి లాక్కుని, నన్నట్లా పిలిచేది ఒక్కతే ఉండేది, అది పోయింది అని చెప్పింది. ఆ రోజు నుంచి ఉదయలక్ష్మి మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

వరదమ్మ కళ్లు ఎప్పటిలాగే ఆమె మెడ మీదికి పోయాయి. పసుపుతాడు పక్కన చిన్న బంగారు బిళ్ళ ఉంది. సవతమ్మ బిళ్ళ. చనిపోయిన వల్లి పేరు మీద, ఆమె చోటికి వచ్చిన మనిషి వేసుకోవలసిన బిళ్ళ. ఉదయలక్ష్మి ఎప్పుడు వచ్చినా అది ఉందో లేదో వరదమ్మ చూస్తుంది. లేకపోతే కోపం తెచ్చుకుందామని చూస్తుంది. ఉంటే ఇంకా కోపం వస్తుంది. తన కూతురు గోరంత బంగారమై ఇంకొక ఆడదాని గుండెల మీద ఊగుతుంటే ఆమెకు ఊపిరి ఆడదు.

రూపేష్ కళ్లు తెరిచాడు.

"అమ్మా, ఉచ్చొస్తాండాది."

ఎవరిని అన్నాడో వేరే చెప్పనక్కర్లేదు. అవ్వను వాడు అవ్వా అనే అంటాడు. పోయిన ఎండాకాలం సెలవులకు వచ్చినప్పుడు ఉదయలక్ష్మిని "ఉదయమ్మ" అనేవాడు. ఈ దసరా సెలవులకు వచ్చేసరికి ఆ పిలుపులో ముందు సగం రాలిపోయింది. ఫోనులో వాడు మొదటిసారి "అమ్మా" అనడం విన్నప్పుడు వరదమ్మ చేతిలో గిన్నె ఉంది. ఆ గిన్నెను ఆమె చాలాసేపు తోముతూనే కూర్చుంది.

ఉదయలక్ష్మి కత్తెర పక్కన పెట్టి మంచం దగ్గరికి వెళ్లబోయింది.

"ఎత్తుకోవద్దు" అంది వరదమ్మ. "నిన్న గోడ పట్టుకోని కుంటుకుంటా వాకిలి దాకా వచ్చినాడు. నువ్వొస్తాండావని సెప్పినాక ఇంక లేస్తాడా? ఎత్తుకుంటావని గారాలు పోతాండాడు. నేను పెంచినోడు, వాని ఏషాలు నాకు తెలీవా?"

ఆ మాట ఆమె నిజంగానే నమ్మింది. తెల్లవారి లేచినప్పటి నుంచీ నమ్ముతూనే ఉంది. నిన్నటికి కుంటుతూనైనా తిరిగిన పిల్లవాడు ఇవాళ అడుగు తీసి అడుగు వేయనంటే, దానికి ఆ వచ్చే మనిషి తప్ప ఇంకో కారణం ఆమెకు తోచలేదు.

ఉదయలక్ష్మి వంగి, పిల్లవాడి నడుము కింద ఒక చెయ్యి, తొడల కింద ఒక చెయ్యి పెట్టింది. లేపీ లేపకముందే రూపేష్ అరిచాడు. రెండు చేతులతో ఆమె ముఖాన్ని తోసేశాడు.

"నువ్వొద్దు. పో. అవ్వా, అవ్వా."

వరదమ్మ గుండెలో చల్లగా ఏదో జారింది. పిల్లవాడు నొప్పితో ఏడుస్తుంటే ఎవరికైనా సంతోషం కలుగుతుందా అని అడగవచ్చు. కలిగింది. ఎన్నాళ్ల నుంచో ఎదురుచూసిన మాట విన్నట్టు, ఆమె చీర చెంగు నడుముకు దోపి ముందుకు వచ్చింది.

"పక్కకి జరుగు. వాన్ని ఎట్ల ఎత్తుకోవాల్నో నాకు తెలుసు."

పురిటిగుడ్డుగా ఉన్నప్పుడు ఎట్లా ఎత్తుకునేదో అట్లాగే చెయ్యి పెట్టింది. పక్క మీద నుంచి తొడ కాస్త కదిలిందో లేదో పిల్లవాడి ఒళ్లంతా కట్టెలా బిగుసుకుంది. ఈసారి అరుపు ముందుకంటే గట్టిగా వచ్చింది. వాడు తల తిప్పి అవ్వ మణికట్టు కొరికాడు.

ఆమె మెల్లగా చేతులు వెనక్కి తీసుకుంది. పక్క తడిసిపోయింది. వాడు సిగ్గుతో గోడవైపు తల తిప్పుకున్నాడు.

ఇద్దరు ఆడవాళ్లూ మంచానికి చెరోపక్క నిలబడ్డారు. కొరికిన చోట పళ్ల గుర్తులు ఎర్రగా తేలాయి. ఇందులో గారం ఎక్కడుందో వరదమ్మకు తెలియలేదు. తను ఎత్తుకున్నా వాడు అదే ఏడుపు ఏడ్చాడు.

ఉదయలక్ష్మి నేల మీద కూర్చుని కట్టు పైన మోకాలిని వేలితో మెల్లగా నొక్కింది. ఇక్కడ నొప్పా అని అడిగింది. వాడు లేదన్నట్టు తల ఊపాడు. పాదం వేళ్లు కదిలించమంటే కదిలించాడు. తరువాత ఆమె తొడ మీద అరచెయ్యి ఆనించి, చపాతీ కర్రను తిప్పినట్టు రవ్వంత అటూ ఇటూ తిప్పింది. వాడు ఊపిరి బిగబట్టి ఆమె చెయ్యి పట్టుకుని ఆపేశాడు.

"యాడ నొప్పి నాయనా?"

"మోకాల్లో" అన్నాడు ఏడుస్తూ.

"పెద్దమ్మా, వాని కాలు చూడు" అంది ఉదయలక్ష్మి. కాలు మోకాలి దగ్గర వంగి, పక్కకు వాలిపోయి ఉంది. "నిన్న ఫోనులో చూసినా ఇట్లే పెట్టుకోనుండాడు. రెండో కాలు ఆడిస్తాండాడు, ఇది మాత్రం కదపడంలేదు. ముట్టుకుంటే మోకాలు నొయ్యలేదు. పైన తొడ కదిపితే నొస్తాండాది. ఇది మోకాలు కాదు. తుంటి."

"నువ్వేమన్నా డాక్టరువా?"

"కాదు. అందుకే డాక్టరు కాడికి పోదామంటున్నా."



ఉదయలక్ష్మి మళ్లీ కత్తెర అందుకుంది. ఈసారి వరదమ్మ అడ్డం రాలేదు, కానీ అనవలసింది అంది. "ఆ గుడ్డ వల్లి చీర. కట్టుకి మెత్త గుడ్డ కావాలన్నాడు ఎల్లప్ప. పెట్టెలోంచి తీసి నేనే చించిచ్చినా. వాళ్లమ్మ చీరన్నా వాని ఒంటి మీద ఉండనీ అని."

ఉదయలక్ష్మి చాలాసేపు ఆ కట్టువైపు చూసింది. పచ్చని నూలు మీద సన్నటి ఎర్ర గీతలు. ఆకు పసరు ఊరి అక్కడక్కడ నల్లబడింది. ఆమె చెయ్యి తనకు తెలియకుండానే మెడలోని బిళ్ళ దగ్గరికి పోయి వచ్చింది.

"ఉండనీలే" అంది కత్తెర కింద పెట్టి. "దాంతోనే పోదాం."

బట్టలు మారుస్తూ ఆమె పిల్లవాడి నుదురు తాకి చూసింది. చల్లగానే ఉంది. మెడ కింద చూసింది. అక్కడా చల్లగానే ఉంది.

"జ్వరమేమన్నా వచ్చిందా పెద్దమ్మా?"

"లేదు" అంది వరదమ్మ.

నూలు కండెల బుట్ట వెనక జ్వరం మందు సీసా ఉంది. తెల్లవారుజామున, ఈ మనిషి వస్తుందని తెలిసి, కాలిపోతున్న పిల్లవాడిని లేపి మందు తాగించి, సీసా అక్కడ దాచింది వరదమ్మే. జ్వరం మొన్న రాత్రి మొదలైంది. పసరు కట్టు వేడి చేసిందని సరిపెట్టుకుంది. పోయిన ఎండాకాలం వాడు విరేచనాలు పట్టుకుని ఇక్కడి నుంచి తిరుపతి పోయినప్పుడు, తులసీరాం ఫోనులో మెల్లగా ఒక మాట చెప్పాడు. ఇంకొక్కసారి బిడ్డకు ఏమన్నా అయితే నగరికి పంపేది ఉండదు. మగ్గాల కొట్టం గడప మీద నుంచి దూకి పడ్డాడంటేనే ఒక తప్పు. జ్వరమంటే రెండో తప్పు. కూతురు పోయాక ఆమెకు మిగిలింది వీడి సెలవులే. ఆ సెలవులు కూడా పోతే ఈ ఇంట్లో మగ్గాల చప్పుడు తప్ప ఏముంటుంది?

*

తిరుపతికి పోవడానికి గుడ్డల బేళ్లు తోలే గోపీ తన బండి తీసుకొచ్చాడు. వెనక సీటులో దిండ్లు పరిచి పిల్లవాడిని దుప్పటితో సహా ఎత్తి పడుకోబెట్టారు. తల ఎవరి ఒడిలో పెట్టాలన్న దగ్గర మళ్లీ ఆగింది. ఇద్దరూ ఒకే తలుపు దగ్గరికి వచ్చారు.

"ఒక్క తలకాయకి ఇద్దరొస్తే నేనెట్ల తోలేది?" అన్నాడు గోపీ. "ఒకరు తల పట్టండి, ఒకరు కాళ్లు పట్టండి. నేను స్టీరింగు పట్టుకుంటా."

ఎవరూ నవ్వలేదు. కాలు పక్కకు వాలకుండా ఒత్తు పెట్టి పట్టుకోవడం వరదమ్మకు వచ్చు కాబట్టి ఆమె కాళ్లవైపు కూర్చోవలసి వచ్చింది. తల ఉదయలక్ష్మి ఒడిలోకి పోయింది. దారిలో ఆమె వేళ్లు వాడి జుట్టులో తిరుగుతుంటే, ఆ జుట్టుకు మొదటిసారి నూనె పెట్టింది ఎవరని వరదమ్మ మనసులో అడుగుతూనే ఉంది.

రోడ్డు మీద గుంత వచ్చిన ప్రతిసారీ పిల్లవాడు మూలిగాడు. గుంత దాటాక, అవ్వా ఇంకా ఎంత దూరం అని అడిగాడు. వరదమ్మ వాడి పాదం పట్టుకుని వేడి ఎంత ఉందో చూస్తూ కూర్చుంది. ఆ పూట ఆమె మొక్కుకున్న మొక్కు ఎవరికీ చెప్పుకోగలిగింది కాదు. డాక్టరు చూసే దాకా మందు గుణం దిగిపోకుండా ఉండాలని మొక్కుకుంది.

పుత్తూరు వచ్చింది. బండి ఆపమంది వరదమ్మ. ఊళ్లూళ్ల నుంచి విరిగిన ఎముకలు ఇక్కడికే వస్తాయని, ఇంత దూరం వచ్చి చూపించకుండా దాటిపోవడం ఏమిటని అంది. గోపీ వేగం తగ్గించి అద్దంలో ఉదయలక్ష్మి వైపు చూశాడు.

"ఎముక విరిగుంటే ఈడనే ఆపుదాం" అంది ఉదయలక్ష్మి. "విరిగిందని ఎవరు చెప్పినారు పెద్దమ్మా? ఎల్లప్ప చెప్పినాడా?"

ఎల్లప్ప చెప్పలేదు. మోకాలంతా తడిమి, నా చేతికేమీ తగల్లేదు, ఈ కట్టు దేనికి అన్నాడు. నా తృప్తికి కట్టు అని తనే పట్టుబట్టింది. ఆ సంగతి ఇక్కడ చెప్పే ధైర్యం ఆమెకు లేదు.

"పోనీ గోపీ" అంది కిటికీ వైపు తిరిగి.

ఈ దారి ఆమెకు తెలుసు. వల్లిని ఇట్లాంటి ఒక బండిలోనే తిరుపతికి తీసుకుపోయింది. కూతురు కళ్లు తెరిచి, అమ్మా రేణిగుంట దాటినామా అని అడిగింది. ఆస్పత్రి తలుపు దగ్గర లోపలివాళ్లు మంచం తోసుకుపోతుంటే ఎవరో, ఇక వదలండమ్మా అన్నారు. వదిలింది. ఆ వేళ్లు ఎంతవరకు అందాయో, ఎక్కడ జారాయో ఇప్పటికీ ఆమె అరచేతికి గుర్తుంది. తిరుపతికి పోయినవాళ్లు తిరిగిరారని ఆమె ఎవరితోనూ అనలేదు. కట్టు కట్టించుకుని ఇంట్లోనే ఉంచుకుంది.

*

తిరుపతి ఆస్పత్రిలో డాక్టరమ్మ కట్టు ఉన్నచోట ఒక్కసారి చెయ్యి పెట్టి వదిలేసింది. పిల్లవాడిని వెల్లకిలా పడుకోబెట్టి, మాటల్లో పెట్టి, కాలును తుంటి దగ్గర కొద్దిగా లోపలికి తిప్పింది. వాడు అరవబోయే సరికే ఆపింది.

పిల్లలకు తుంటిలో బాధ ఉంటే చాలాసార్లు మోకాల్లో అనే చెప్తారని, అందుకే పెద్దవాళ్లు మోసపోతారని ఆమె వివరించింది. మామూలు దెబ్బైతే రోజు రోజుకూ తగ్గాలి, పిల్లవాడు కొద్దికొద్దిగా కాలు మోపాలి. వీడికి అట్లా తగ్గడం లేదు. కీలులో నీరు చేరి ఉండవచ్చు. ఒక రకం నీరైతే విశ్రాంతితో, మాత్రలతో పోతుంది. చీము అయితే ఆగడానికి లేదు, ఈ పూటే తీసి కడగాలి. ఆలస్యమైతే ఎముక తలను తినేస్తుంది, కాలు పొట్టిదైపోతుంది, ఒళ్లంతా పాకితే ప్రాణానికే ముప్పు.

"రెండింటికీ తేడా చెప్పేవాటిలో మొదటిది జ్వరం" అంటూ ఆమె చంకలో పెట్టిన జ్వరం గొట్టం తీసి చూసింది. "ఇప్పుడైతే లేదు. ఇంటి దగ్గర వచ్చిందా? ఒక్కసారైనా?"

"లేదండీ" అంది ఉదయలక్ష్మి. "నేను పొద్దున్నే వచ్చినాను. పెద్దమ్మ దగ్గరుండింది, ఆమె లేదని చెప్పింది."

డాక్టరమ్మ చీటీ రాయసాగింది. రక్తపరీక్ష చేయించమంది. కాలు కదపకుండా ఇంటి దగ్గర పడుకోబెట్టమని, రేపు పొద్దున మళ్లీ చూద్దామని, ఈలోగా జ్వరం వస్తే అర్ధరాత్రైనా తీసుకురమ్మని చెప్పింది.

అప్పుడే తలుపు తోసుకుని తులసీరాం వచ్చాడు. శ్రీ సిటీలో షిఫ్టు దిగి, ఫోను తెరిచి, భార్య పెట్టిన మెసేజి చూసుకుని నేరుగా వచ్చినట్టున్నాడు. ఫ్యాక్టరీ చొక్కా ఇంకా ఒంటి మీదే ఉంది. కొడుకు తల నిమిరి, అత్త వైపు చూశాడు. 

వరదమ్మకు రెండు దారులూ ఒక్కసారిగా కనిపించాయి. మాట్లాడకపోతే రేపు పొద్దున దాకా అందరూ ఊరుకుంటారు, వచ్చే సెలవులకు వాడు మళ్లీ వస్తాడు. కానీ ఏ కాలితో వస్తాడు? అసలు వస్తాడా? పిల్లవాడి కాలు పక్కకు వాలి ఉంది. ఆ కట్టు మీద వల్లి చీర ఎర్ర గీతలు కనిపిస్తున్నాయి.

ఉదయలక్ష్మి చీటీ అందుకోవడానికి చెయ్యి చాచింది.

"జరమొచ్చింది" అంది వరదమ్మ.

డాక్టరమ్మ తల ఎత్తింది.

"మొన్న రాత్రి నించీ ఉండాది. ఒళ్లు కాలిపోతాండె. ఈ పొద్దు తెల్లారకముందే మందు తాపినా. ఈయమ్మ వచ్చేలోగా సల్లబడాలని."

 డాక్టరమ్మ కోప్పడలేదు. కోప్పడి ఉంటే వరదమ్మకు కాస్త నయంగా ఉండేది. డాక్టరమ్మ తను రాసిన చీటీ చించేసి, పిల్లవాడు ఎప్పుడు తిన్నాడని అడిగి, పొద్దున్నించి నీళ్లు తప్ప ఏమీ లేదని తెలుసుకుని, స్కానింగు గదికి కబురు పెట్టింది.

*

కీలులో నీరు కనిపించింది. మత్తు ఇచ్చి సూదితో తీసి చూస్తామని, చీము అయితే అక్కడికక్కడే కడుగుతామని చెప్పారు. తులసీరాం అడిగినచోటల్లా సంతకాలు పెట్టాడు.

బయట ఉదయలక్ష్మి, వరదమ్మ ఒకే బల్లకు రెండు చివరల కూర్చున్నారు. ఉదయలక్ష్మి ఎదురుగోడను చూస్తూనే మాట్లాడింది.

"నీకు వల్లక్క ఉండాది. ఆయనకీ వల్లక్క ఉండాది. ఇంట్లో ఏ గిన్నె ముట్టుకున్నా ఆమె గిన్నే. నా కాడ పడుకోనుండి నిద్దట్లో అవ్వా అంటాడు వాడు. నేనెవరికి చెప్పుకోను? ఆ అమ్మా అనే మాట ఒక్కటే పెద్దమ్మా నాకు దొరికింది. దానిక్కూడా నువ్వు ఓర్చుకోలేకపోయినావు. ఓర్చుకోకపోతే పోనీ, నన్ను తిట్టుండాల్సింది. బిడ్డ జ్వరం దాస్తావా?"

 ఈ మనిషి కూడా తనను చూసి కుళ్లుకుంటుందని వరదమ్మకు ఇంతవరకు తట్టలేదు.

నర్సు వచ్చి, పిల్లవాడికి మత్తు ఎక్కే దాకా పక్కన ఒకరు ఉండవచ్చు, తల్లిని రమ్మని పిలిచింది. బంగారం, గాజులు ఏవీ లోపలికి రాకూడదంది. ఉదయలక్ష్మి గాజులు తీసి భర్తకు ఇచ్చింది. పసుపుతాడును నర్సు ఇచ్చిన పట్టీతో మెడకు అంటించుకుంది. బిళ్ళ విడిగా తీసి ఒక నిమిషం పట్టుకుని, భర్త చేతిలో కాకుండా వరదమ్మ చేతిలో పెట్టింది.

"ఆమెను నువ్వు పట్టుకోనుండు" అని లోపలికి వెళ్లిపోయింది.

ఒంటి వేడికి బిళ్ళ వెచ్చగా ఉంది. వరదమ్మ పిడికిలి మూసింది. కూతురు పోయాక మళ్లీ చేతికందిన ఆ గోరంత వెచ్చదనంలో తనెక్కడుందో కాసేపు మరిచిపోయింది.

తులసీరాం ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"వాని బట్టలు, పుస్తకాలు సర్దిపెట్టు అత్తా. గోపీ చేత పంపించు. మళ్లా వాడు ఆడికి రాడు."

ఆమె తల ఊపింది. ఈ మాట వస్తుందని తెలిసే డాక్టరమ్మ ముందు నోరు తెరిచింది.

"ఆ బిళ్ళ కూడా ఇట్లియ్యి" అన్నాడు. "అది నా ఇంట్లో ఉండాల్సింది." అరచెయ్యి చాచాడు.

ఇది మాత్రం ఆమె అనుకోలేదు. పిడికిలి ఇంకా బిగిసింది. ఇయ్యను అందామని నోరు తెరిచింది.

లోపల నుంచి అరుపు వినిపించింది. తలుపు కాస్త తెరుచుకుంది. నర్సు వెనక ఉదయలక్ష్మి ముఖం కనిపించింది. చెంప మీద పిల్లవాడి గోటి గీరు పడి ఉంది. ఆమె వరదమ్మను చూసి చూపు పక్కకు తిప్పుకుంది.

"అవ్వ ఎవరమ్మా?" అంది నర్సు. "అవ్వ వస్తేగానీ మత్తు పెట్టనీయనంటున్నాడు. ఆలస్యం చేయొద్దు. చేతిలో ఉన్నది బయట ఇచ్చేసి రండి."

తులసీరాం చెయ్యి ఇంకా చాచే ఉంది.

వరదమ్మ తన పిడికిలి వైపు చూసుకుంది. లోపల నుంచి మళ్లీ "అవ్వా" అని వినిపించింది.